మట్టల ఆదివారానికి ఐదు కుండీలు

మా రాయ్‌పూర్ తెలుగు సంఘంలో కొబ్బరి మట్ట గురించి జరిగినంత చర్చ పాపక్షమాపణ గురించి ఏనాడూ జరగలేదు. ఈస్టరుకు ముందొచ్చే ఆదివారం పిల్లలంతా మట్టలు పట్టుకుని, పాడుకుంటూ చర్చి చుట్టూ తిరగాలి. కోస్తాలో అదొక సమస్యే కాదు, కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్తే సరిపోతుంది. ఇక్కడ పెరట్లో కొబ్బరి చెట్టున్న వాళ్లు ఎక్కడో గానీ కనబడరు. కనబడినా మట్ట కొట్టనివ్వరు. అందుకని మావాళ్లు రైల్వే తెలివి ఉపయోగించారు. ప్రతి ఏడాదీ విజయనగరం వైపు నుంచి వచ్చే బండిలో ఎవరో ఒకరు తడి గోనెలో చుట్టి మట్టలు తెచ్చేవారు. గోనె విప్పేసరికి అవి పసుపు రాసుకున్నట్టుండేవి. ఒక ఏడాది వాటి పక్కనే ఎండుచేపల బుట్ట ప్రయాణం చేసింది కాబోలు, పిల్లల ఊరేగింపు వెనక రెండు పిల్లులు కూడా భక్తిగా నడిచాయి.

ఊరు దాటి అభన్‌పూర్ వైపు వెళ్తే పొలం గట్ల మీద కావలసినన్ని ఈత చెట్లు. ఇక్కడివాళ్లు ఛింద్ అంటారు. ఆ మట్టలు తెచ్చుకుందామని ఒకసారి సమావేశంలో అన్నాను. మా సంఘ పెద్దది గోదావరి జిల్లా. రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు గానీ ఆ కుర్చీ మాత్రం ఇంకా ఆయన వెంటే తిరుగుతుంటుంది. కళ్లజోడు తీసి నా వంక చూశాడు.

"కల్లు చెట్టండీ అది! కల్లు మానిపించి నిలబెట్టిన సంఘమమ్మా ఇది. పిల్లల చేతికి కల్లు చెట్టు మట్టలిమ్మంటారేంటండీ?"

"గీత గీస్తే కల్లొస్తుందండీ. మట్ట కోస్తే మట్టే వస్తుంది," అన్నాను.

"మీరు పుస్తకాలు చదువుతారు కదండీ, మీతో మేం వాదించలేం," అని అందరినీ చూసి నవ్వాడు. అందరూ నవ్వారు. ఈ ఊళ్లో నా చదువును జబ్బులా పరామర్శించేవాళ్లే ఎక్కువ.

ఆ నవ్వుల్లోనే ఆయన తన మాట బయటపెట్టాడు. బజార్లో ప్లాస్టిక్ మట్టలు దొరుకుతున్నాయట. కడిగి బీరువాలో దాచుకోవచ్చట. పదేళ్లు చెక్కుచెదరవట. అందరి తలలూ ఊగుతున్నాయి. నేను లేచి నిలబడ్డాను.

"కుండీల్లో పామ్ మొక్కలు పెంచుదాం. నేను చూసుకుంటాను. వచ్చే మట్టల ఆదివారానికి పిల్లల చేతుల్లో పచ్చి మట్ట పెట్టలేకపోతే మీ ప్లాస్టిక్ తెచ్చుకోండి. ఈ విషయంలో నేను మళ్లీ నోరెత్తను."

"రాసుకోండయ్యా," అన్నాడు సంఘ పెద్ద. నిజంగానే రాసుకున్నారు.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఆయన వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరు. పిల్లలు పెద్దబడికి వెళ్లడం మొదలయ్యాక, మేముండే మోవా నుంచి టెంపో ఎక్కి ఊరి మధ్యలో ఉన్న గ్రంథాలయానికి పోవడం మొదలుపెట్టాను. హిందీ చదవడం దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను, ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని. మొదటిసారి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం బల్ల మీద పెట్టినప్పుడు అక్కడి గుమాస్తా, "కిస్‌కే లియే లే జా రహీ హో?" అనడిగాడు. ఎవరి కోసం తీసుకెళ్తున్నావని. "అప్నే లియే" అన్నాను. నా కోసమే. ఆయన ముద్ర వేసిన చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. ఇలాంటివాళ్ల కోసమా నేను చదివింది అని సమావేశాల్లో చాలాసార్లు అనుకున్నాను.

కుండీల పని నెత్తిన వేసుకున్నాక గ్రంథాలయంలో తోటపని పుస్తకం ఒకటి దొరికింది. నిండా రంగు బొమ్మలు. వెనక తేదీలు వేసే కాగితం మీద ఒక్క ముద్ర కూడా లేదు. రాయ్‌పూర్ మొత్తంలో దాన్ని ఇంటికి తెచ్చిన మొదటి మనిషిని నేనే. ఆరుబయట కుండీలో పామ్‌ను ఒంటరిగా నిలబెడితే మట్టి ఎండకు కాలిపోతుందని, దాని మొదట్లో చిన్న మొక్కలు నాటితే అవి మట్టికి నీడ పట్టి తేమ నిలుపుతాయని అందులో ఉంది. తోడు మొక్కకూ పామ్‌కూ దాహం ఒకేలా ఉండాలి, వెలుతురు ఒకేలా సరిపడాలి, వేళ్లు ఒకదాన్నొకటి తోసుకోకూడదు. ఇదంతా నోటుపుస్తకంలో తెలుగులో రాసుకున్నాను.

వానలు మొదలవగానే బిలాస్‌పూర్ రోడ్డు నర్సరీలో ఆరు అరెకా పామ్‌లు కొన్నాం. నర్సరీవాడు వాటిని ఇనుముతో పోల్చాడు. వాడు గులాబీ అంటుకూ అదే మాట చెబుతుండగా విన్నాను. చర్చి మెట్లకు అటు మూడు, ఇటు మూడు పెట్టించాను.

అప్పటినుంచి మా స్త్రీల సమాజానికి కొత్త ఉత్సాహం వచ్చింది. పామ్ మొదట్లో ఖాళీ మట్టి కనబడితే చాలు, ప్రతి ఒక్కరికీ తమ పెరట్లో ఎక్కువైన మొక్క గుర్తొచ్చేది. ఒకావిడ గడ్డిగులాబీ తెచ్చింది. దానికి మండే ఎండ, పొడి మట్టి కావాలి, పామ్ నీళ్లకు కుళ్లిపోతుందని తిప్పి పంపాను. ఇంకొకావిడ మనీప్లాంట్ తెచ్చి, ఇది ఉంటే సంఘానికి కానుకలు పెరుగుతాయంది. చర్చిలో నిలబడి అన్న మాట అది! రిటైరైన నర్సమ్మ ఒకావిడ పుదీనా వేళ్లు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఆవిడ ఏం చెప్పినా సూది పొడిచేముందు చెప్పినట్టే ఉంటుంది.

"ఏటీ కాదమ్మా, గమలాలో గుచ్చేయ్. ఆదివారం ఆదివారం చట్నీ చేసుకుందుము."

"పుదీనా కుండీ అంతా ఆక్రమించేస్తాది పిన్నీ. వేళ్లు వేళ్లు కొట్టుకుంటాయి."

"ఆ పామ్ ఏటి తిరిగి కొడతాదా? నువ్వూ నీ బుక్కులూ," అని వేళ్లు మళ్లీ గుడ్డలో చుట్టుకుంది.

సంఘ పెద్ద రంగురాళ్ల సంచీ, ఒక ప్లాస్టిక్ కప్పా పంపించాడు. కప్పను ఆయన కుర్చీ కిందే పెట్టాను.

నేను ఎంచుకున్న మొక్క పుస్తకంలో నిండు పేజీ బొమ్మగా ఉంది. సన్నటి నూగులాంటి ఆకులు కుండీ అంచు మీదుగా పచ్చటి జాలులా కిందికి పడుతుంటాయి. దాని లాటిన్ పేరు తప్పు లేకుండా పలకడానికి ఒక సాయంత్రం పట్టింది. నర్సరీలో బొమ్మ చూపించి కొన్నాను. ఒక్కో కుండీకి రెండేసి.

మొదటి నెలలోనే పెళ్లి టెంటు లారీ వెనక్కి వచ్చి ఒక కుండీని పగలగొట్టింది. అందులోని తోడు మొక్కలు నలిగిపోయాయి, పామ్‌కు రెండు కాండాలు విరిగాయి. దాన్ని చెత్తకుప్ప మీద వేయించి, అటు చివరి కుండీని మెట్ల మధ్యకు జరిపించాను. ఐదైనా చూడ్డానికి బాగానే ఉన్నాయి.

చర్చి వెనక కుళాయి పక్క గదిలో చౌకీదారు కుటుంబం ఉండేది. ఛత్తీస్‌గఢీ మాట తప్ప వేరే మాట రానివాళ్లు. వారం తర్వాత కాళ్లు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తే, నేను పారేయించిన పామ్ ఖాళీ పెయింటు బకెట్‌లో నిలబడి ఉంది. చౌకీదారు భార్య కాల్చిన మేకుతో అడుగున బెజ్జాలు పెట్టిందట. పామ్ చుట్టూ ఎర్రటి చిన్న మొలకలు.

"ఇదేంటి?" అని హిందీలో అడిగాను.

"లాల్ భాజీ, దీదీ." ఎర్ర తోటకూర.

"పామ్ కింద కూరేంటి?"

"ఖాలీ మాటీ హే దీదీ, కాబర్ ఛోడహూఁ?" అంది. మట్టి ఖాళీగా ఉంది, ఎందుకు వదలాలి అని.

ప్రభువు మందిరం వెనక కూరల సంత పెడతావా అని కేకలేశాను. తోడు మొక్క అంటే ఏమిటో, వేళ్లు ఎలా తోసుకుంటాయో నిలబెట్టి పాఠం చెప్పాను. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. వింటున్న మనిషి ఎదుటే మొలకలన్నీ పీకేశాను. మరుసటి వారానికి మళ్లీ చల్లింది. అవిటి మొక్క కదా, ఆమె అజ్ఞానానికి అది చాల్లే అని వదిలేశాను.

చలికాలంలో నా కుండీలు చూసి రోడ్డు మీద స్కూటర్లు ఆగేవి. పైన పామ్ ఆకులు విసనకర్రల్లా, కింద పచ్చటి జాలు. క్రిస్మస్ రోజు సంఘ పెద్ద వాటి మధ్య నిలబడి ఫోటో దిగాడు. ఒక కుండీ మీద చెయ్యి కూడా వేశాడు, తానే కన్నట్టు.

నీళ్లు పోయడానికి ఐదుగురు ఆడవాళ్లకు వంతులు వేశాను. ఒక్కొక్కరికీ ఒక్కో నొప్పి. ఒకరికి నడుం, ఒకరికి మోకాలు, ఒకరికి కోడలు. కుండీ అడుగు బెజ్జం నుంచి కారేవరకు పోయాలని పుస్తకంలో ఉన్న మాట వాళ్లకు చెప్పాను. మొదట్లో బకెట్ పోస్తే గానీ కారేది కాదు. ఫిబ్రవరికి ఒక్క మగ్గు పోయగానే కింద నుంచి బుడబుడా వచ్చేసేది. నాకు సంతోషం వేసింది. తోడు మొక్కలు మట్టిలో తేమ నిలుపుతున్నాయి, ఇక ఎక్కువ నీళ్లు అక్కర్లేదు అని నోటుపుస్తకం తెరిచి మరీ ప్రకటించాను. రోజూ వద్దు, మూడు రోజులకో మగ్గు చాలన్నాను.

"ఈ చదువేదో ముందే చదివుంటే నా నడుం మిగిలేది కదే అమ్మా," అంది నర్సమ్మ. నా చదువును ఆవిడ మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

మార్చి వచ్చింది. పామ్ ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఉర్లా ఫ్యాక్టరీల మసి గాలికొచ్చి పడుతోందని అనుకుని ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడిచాను. కొసల నుంచి ఎండు లోపలికి పాకింది. ఆకులు మధ్య ఈనె దగ్గరికి ముడుచుకున్నాయి. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే సంఘ పెద్ద మెట్ల మీద ఆగి చూసేవాడు.

"ప్లాస్టిక్‌కి ఉర్లా మసి పడితే తుడిస్తే పోద్దండి. ఇదేంటండి, తుడిచిన కొద్దీ ఎండుతుంది?"

పండగ ఇంకా పదిహేను రోజులుందనగా ఒక కుండీని పక్కకు పడుకోబెట్టి, అడుగున తట్టి మట్టిగడ్డను బయటికి లాగాను. మట్టి కనబడలేదు. తెల్లటి, నీళ్లు నిండిన బొడిపెల్లాంటి దుంపలు గుత్తులు గుత్తులుగా కుండీ ఆకారంలోనే బిగుసుకుని ఉన్నాయి. నా పచ్చటి జాలు తాలూకు వేళ్లవి. వాటి మధ్యన పామ్ వేళ్ల ముద్ద చిక్కుకుని ఉంది. దాని మీద వేలితో కొడితే ఎండు కొబ్బరి చిప్పలా మోగింది. అన్నాళ్లూ పోసిన నీళ్లు ఆ ముద్దలోకి దిగనేలేదు. కుండీ గోడ వెంట జారి, బెజ్జం గుండా బయటికి పోయాయి. తేమ నిలిచిందనుకుని నేను సంబరపడ్డది దాన్ని చూసి.

ఆ దుంపలు నాకు కొత్తవి కావు. శ్రీకాకుళంలో మా నానమ్మ కొండవార నుంచి పిల్లితేగలు తవ్వుకొచ్చేది, బాలింతలకు పాలు పడతాయని. అదే ఆకు నూగు, అవే దుంపల గుత్తులు. పుస్తకంలో రంగు బొమ్మగా, లాటిన్ పేరు పెట్టుకుని వచ్చేసరికి ఆ కుటుంబపు మొక్కను గుర్తుపట్టలేకపోయాను. అక్షరం ముక్క రాని మా నానమ్మ ఆ కుండీ వంక ఒక్కసారి చూస్తే చెప్పేది. వేళ్లు తోసుకోకూడదన్న మాట నా చేతిరాతతోనే నోటుపుస్తకంలో ఉంది. పుదీనా తెచ్చిన పిన్నికి అదే మాట అప్పజెప్పి పంపాను. ఇన్నాళ్లూ సంఘంలో మూర్ఖులను లెక్కపెడుతూ వచ్చినదాన్ని, నన్ను కలుపుకోవడం మరిచిపోయాను.

ఐదింటినీ పీకి, దుంపలు కోసి పారేసి, పామ్‌లను నీళ్ల తొట్టిలో నానబెట్టి మళ్లీ నాటాను. చావకపోవచ్చు, కానీ మట్టల ఆదివారానికి కోయడానికి వాటి మీద ఒక్క పచ్చి ఆకు లేదు.

పండగ ముందురోజు మధ్యాహ్నం సంఘ పెద్ద అట్టపెట్టె మోయించుకుని వచ్చాడు.

"వచ్చేశాయండీ," అన్నాడు. పెట్టె విప్పగానే కొత్త టార్పాలిన్ కంపు కొట్టింది. ఆ మట్టల పచ్చదనం ఏ చెట్టుకూ లేనిది. ఒక్కో ఈనె మీదా తయారైన దేశం పేరు అచ్చు వేసి ఉంది. "మీరేమీ అనరు కదండీ? రాసుకున్నాం కదా."

చేతులకు మట్టి ఉంది, కడుక్కోవడానికి వెనకకు వెళ్లాను.

కుళాయి పక్కన పెయింటు బకెట్‌లో పామ్ నిలబడి ఉంది. విరిగిన కాండాల చోట కొత్తవి లేచాయి. తొమ్మిది ఆకులు, ఒక్క కొస కూడా ఎండలేదు. మొదట్లో ఎర్ర తోటకూర, సగం పీకి, సగం ఉంచి. చౌకీదారు భార్య బియ్యం కడిగిన నీళ్లు అందులో వంపుతోంది.

"రోజూ పోస్తావా?" అనడిగాను.

రోజూనట. బియ్యం కడిగినవి, గిన్నెలు తొలిపినవి. నాలుగు రోజులకోసారి కూర పీకుతుంది, వేళ్లతో సహా. పీకినప్పుడల్లా మట్టి గుల్లవుతుంది. అక్కడే మళ్లీ విత్తనం చల్లుతుంది.

"పామ్ కోసమేనా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఓలా కా కరహూఁ దీదీ? భాజీ బర్ డారథౌఁ." దాన్నేం చేసుకుంటాను దీదీ, కూర కోసం పోస్తున్నాను అని.

ఆమె పామ్‌ల గురించి ఏదో తెలిసి చేసిందని నేను చెప్పను. ఆమెకేమీ తెలియదు. తినేది కావాలి కాబట్టి నీళ్లు మరిచిపోలేదు, అంతే. మేమంతా చదువుతో, వంతులతో, ప్రార్థనతో చేయలేనిది ఒక పూట కూర చేసింది.

మట్టలు కోసుకోనా అని ఆమెను అడగడానికి నాకు కొంచెం సమయం పట్టింది. మొలకలు పీకిన చెయ్యి ఆమెకూ గుర్తుంది.

"లే జా," అంది. "ఫేర్ మోర్ భాజీ లా ఝన్ ఖూందబే." తీసుకుపో గానీ నా కూర తొక్కొద్దు.

నేను కత్తి తెచ్చేసరికి సంఘ పెద్ద భార్య కూడా వచ్చింది. ఆవిడ కళ్లు నిగనిగలాడే లేత మొవ్వు మీదే ఉన్నాయి. విచ్చుకోని ఆకుతో సిలువలు అల్లడం వాళ్ల ఊరి అలవాటు.

"మొవ్వు ఇటివ్వండి వదినా, అల్లి పెడతాను."

"మొవ్వు కోస్తే ఆ కాండం చచ్చిపోద్ది వదినా."

"మా ఊళ్లో ఏటేటా కోస్తాం, ఏమీ అవ్వదండీ!"

"మీ ఊళ్లో చెట్టుంది. ఇక్కడ బకెట్టుంది."

ఆవిడ మూతి ముడుచుకుని ప్లాస్టిక్ మట్టల పెట్టె వైపు వెళ్లిపోయింది. కూర మీద కాలు పడకుండా వంగి, ఆరు మట్టలు కోశాను. మూడు పామ్‌కే ఉంచాను. ముప్పైమందికి పైగా పిల్లలు, ఆరు మట్టలు. చౌకీదారు గది అరుగు మీద కూర్చుని ఒక్కో మట్టనూ రెమ్మలుగా చీల్చాను. నాలుగైదు రెమ్మలు కలిపి దారంతో కట్టాను. చౌకీదారు భార్య ఎదురుగా కూర్చుని కట్టడానికి సాయం చేసింది. ఇదంతా దేనికని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజుకు నా పాఠాలు చాలనిపించింది.

మర్నాడు ఊరేగింపులో పెద్దవాళ్లు ప్లాస్టిక్ మట్టలూపారు. అవి గాలికి చినుకుల చప్పుడు చేశాయి. పిల్లల చేతుల్లో నా రెమ్మలు. ఒక చిన్నపిల్ల తన కట్ట వంక అనుమానంగా చూసి, "ఆంటీ, ఇది గడ్డా?" అనడిగింది. కాదు మట్టే అన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నమ్మింది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద పట్టుకున్నాడు.

"మట్టన్నారు, రెమ్మలిచ్చారండి."

"పచ్చివా కాదా?"

"పచ్చివేననుకోండి..."

"అది కూడా రాసుకోండి."

ఆయన ప్లాస్టిక్ మట్టలను బీరువాలో పెట్టి తాళం వేశాడు. పెద్దవాళ్లకు ఇప్పటికీ అవే. పిల్లలకు మాత్రం పచ్చి రెమ్మలివ్వడం ఆ ఏడాది నుంచి అలవాటైంది. కల్లు చెట్టు గొడవ లేదు, రైల్లో గోనె లేదు.

ఆ సోమవారమే చౌకీదారు భార్యను మెట్ల దగ్గరికి పిలిచి, ఐదు కుండీల్లోనూ భాజీ చల్లమన్నాను. చల్లితే మళ్లీ పీకుతావా అని అడిగింది. పీకనన్నాను. నన్ను నమ్మక, ముందు ఒక్క కుండీలోనే చల్లి వారం చూసింది.

మొలకలు జానెడు లేచేసరికి మా స్త్రీల సమాజానికి నొప్పులన్నీ పోయాయి. వంతు లేనివాళ్లు కూడా సంచులతో దిగేవారు. నర్సమ్మ పొద్దున్నే వచ్చి, "నా కుండీ ఎవులు కోసేసినారు?" అని గేటు దగ్గరినుంచే మొదలుపెట్టేది. పామ్ బతకాలని వీళ్లను ఎంత బతిమాలాను! చౌకీదారు భార్య ఒక్క నియమం పెట్టింది. ముందు నీళ్లు పోయాలి, తర్వాతే కోయాలి. ఆమె మాట వాళ్లకు అర్థం కాదు గానీ చేతిలో మగ్గు పెడితే అందరికీ అర్థమైంది. వానలొచ్చేసరికి ఐదు పామ్‌లలో మూడు కొత్త మొవ్వులు వేశాయి. రెండు పోయాయి.

సంఘ పెద్ద కొన్నాళ్లు దూరం నుంచే చూశాడు. ఒక ఆదివారం భార్య పంపిందని సంచీతో వచ్చాడు. చౌకీదారు భార్య మగ్గు అందించింది. ఇస్త్రీ చొక్కాతో కుండీ ముందు నిలబడి నా వంక చూశాడు.

"ఎంత పొయ్యాలండీ?"

కింద నుంచి కారేవరకు అని నాలుక చివరిదాకా వచ్చింది.

"మట్టిలో వేలు పెట్టి చూడండి," అన్నాను.